బోర్డు నిజం చెప్పాలి

(హన్మకొండలో లారీ, టిప్పర్, డీసీఎం డ్రైవర్లూ, సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థులూ కలిసి కూర్చున్న ఒక సభలో, చాలా ఏళ్లు రోడ్డు పనుల్లో ఉన్న ఒక ఇంజనీరు మాట్లాడిన మాటలకు రాత రూపం)

అందరికీ నమస్కారం. రాత్రి డ్యూటీ దిగి, నిద్ర కూడా పోకుండా నేరుగా ఇక్కడికి వచ్చిన డ్రైవర్ అన్నలకు ముందుగా దండాలు.

హుజూరాబాద్ మీదుగా వచ్చినవాళ్లు ఎంతమంది? ఒకసారి చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. పని జరిగే చోట్ల 20 అనో, 30 అనో, 40 అనో గుండ్రటి బోర్డులు ఉంటాయి కదా. ఇవాళ దారిలో అలాంటివి ఎన్ని చూశారో, ఎక్కడ ఏ నంబరు ఉందో ఎవరైనా చెప్పగలరా? ఎవరూ చెప్పలేకపోతున్నారు. మిమ్మల్ని తప్పుపట్టాలని అడగలేదు. కన్ను చూస్తుంది, మనసు పట్టించుకోదు. అలా ఎందుకు జరుగుతుందో చెప్పడానికే వచ్చాను.

మన దగ్గర ఈ ముచ్చట ఇప్పుడు ఎందుకంటే, వరంగల్–కరీంనగర్ దారి, అంటే 563 నంబరు జాతీయ రహదారి, 68 కిలోమీటర్లు నాలుగు వరుసలు చేసే పనికి 2023 జులై 8న వరంగల్‌లోనే ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. మంచిర్యాల నుంచి వరంగల్ దాకా 108 కిలోమీటర్ల కొత్త రహదారికి కూడా అదే రోజు చేశారు. ఈ రెండు పనులూ ఒకటి కావు. మంచిర్యాల రోడ్డు ఎక్కువగా పొలాల్లో నుంచి కొత్తగా వేసేది. అక్కడ పని జరిగేటప్పుడు మామూలు బండ్లు రావు. కరీంనగర్ రోడ్డు అట్లా కాదు, నడుస్తున్న రోడ్డునే వెడల్పు చేయాలి. ఒక పక్క రోలర్ తిరుగుతుంటుంది. ఇంకో పక్క గ్రానైట్ బండ వేసుకున్న లారీ వస్తుంది. ఆ రెండిటి నడుమ బడి పిల్లలు, పాల క్యాన్ల బండ్లు, ఆటోలు. కష్టమంతా అక్కడే ఉంది.

నా సొంత అనుభవం ఒకటి చెప్తాను. చెప్పడం నాకు సులువు కాదు, అయినా చెప్పాలి.

పదిహేనేళ్ల కిందటి మాట. నేను ఒక కాంట్రాక్టు కంపెనీలో సైట్ ఇంజనీరును. ఇలాంటిదే, రోడ్డు వెడల్పు పని. కల్వర్టులు సగం సగం కడుతున్నాం. ఒక సగం మీద బండ్లను పోనిచ్చి, రెండో సగం పగలగొట్టి కట్టడం. ప్రతి కల్వర్టు ముందూ 30 అని ఎర్ర అంచు బోర్డు పెట్టేవాళ్లం. ఒకటి అయిపోగానే మనుషులూ మిషన్లూ తర్వాతి దానికి జరిగేవి. బోర్డు మాత్రం అక్కడే ఉండేది. దాన్ని పీకి తేవాలంటే ట్రాక్టర్ పంపాలి, ఇద్దరు కూలీలను పెట్టాలి. రేపు తెప్పిద్దాంలే అనుకునేవాణ్ని. ఆ రేపు మూడు వారాలైంది. మూడు కల్వర్టులు పూర్తయ్యాయి, వాటి ముందు బోర్డులు అట్లాగే నిలబడి ఉన్నాయి. పని జరుగుతున్నది నాలుగో దాని దగ్గర.

కార్తీకమాసం. సాయంత్రం ఆరున్నరకే పూర్తిగా చీకటి. నాలుగో కల్వర్టు దగ్గర జెండా పట్టుకుని ఒక పెద్దాయన నిలబడేవాడు. అరవై ఏళ్లకు దగ్గర. అందరం తాతా అనే పిలిచేవాళ్లం. చేతిలో వెదురు కర్రకు కట్టిన ఎర్రగుడ్డ. కొత్తలో ఎర్రగానే ఉండేది, దుమ్ము పట్టీ పట్టీ ఇటుక రంగుకు వచ్చింది. ఒంటి మీద రేడియం పట్టీలున్న జాకెట్. లైటు పడితే ఆ పట్టీలు తెల్లగా మెరవాలి. వాటి మీద కూడా వేలు మందాన దుమ్ము. పత్తి లోడుతో ఒక డీసీఎం వచ్చింది. డ్రైవర్ బ్రేక్ కొట్టాడు. రోడ్డు మీద విడి కంకర ఉంది, బండి జారి పక్కనున్న డ్రమ్మును కొట్టింది, డ్రమ్ము ఎగిరి తాత కాలి మీద పడింది. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది.

ఆ రాత్రి స్టేషన్‌లో డ్రైవర్ని చూశాను. ఇరవై ఐదేళ్ల పిల్లవాడు. చేతులు వణుకుతున్నాయి, మంచినీళ్ల గ్లాసు పట్టుకోలేకపోతున్నాడు. నన్ను చూసి ఒకటే మాట అన్నాడు: "సార్, నాలుగు కిలోమీటర్ల సంది 30, 30 అని బోర్డులే. ఏడ చూసినా పని లేదు, మనిషి లేడు. ఇది గూడ గట్లనే ఉంటది అనుకున్న."

నా దగ్గర జవాబు లేదు. అతను వేగంగా వచ్చాడు, కేసు అతని మీదే అయింది, అది న్యాయమే. కానీ మూడుసార్లు అబద్ధం చెప్పింది నా బోర్డులే. నాలుగోసారి చెప్పిన నిజం ఎందుకు నమ్మలేదని అతన్ని ఏ ముఖం పెట్టుకుని అడగాలి? తాత మళ్లీ పనిలోకి రాలేదు. కర్ర పట్టుకుని నడిచేవాడు.

అప్పటినుంచి నేను ఎక్కడికి పోయినా చెప్పేది ఇదే. పని దగ్గర పెట్టే వేగం బోర్డు నిజం చెప్పాలి. పని ఉన్నప్పుడే ఉండాలి, పని అయిన సాయంత్రమే పోవాలి. అలా నిజం చెప్పే బోర్డును లెక్కచేయని బండికి చలాన్ పడాలి, తప్పకుండా పడాలి. ఈ రెండూ కలిసి ఉంటేనే పని చేస్తాయి. బోర్డు నిజమై పట్టుకునేవాడు లేకపోతే కొన్నాళ్లకు భయం పోతుంది. పోలీసు ఉండి బోర్డు అబద్ధమైతే జనానికి కోపం వస్తుంది, ఇదంతా డబ్బుల కోసమే అనుకుంటారు.

ఇప్పుడు విద్యార్థులు కాస్త జాగ్రత్తగా వినాలి. బ్రేక్ మీద కాలు పెట్టాలని మెదడుకు తోచి, కాలు కదిలి, బ్రేకు పట్టి, బండి పూర్తిగా ఆగేదాకా ఎంత దూరం పోతుంది? మన దేశంలో రోడ్ల డిజైన్‌కు రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ ఇచ్చిన లెక్కలు వాడతాం. గంటకు 40 కిలోమీటర్ల వేగానికి 45 మీటర్లు. 60కి 80 మీటర్లు. 80కి 120 మీటర్లు. 100కి 180 మీటర్లు. ఇందులో మనిషి తేరుకోవడానికి రెండున్నర సెకండ్లు కలిపారు. 80 మీద పోతుంటే ఆ రెండున్నర సెకండ్లలోనే బండి 55 మీటర్లు పోతుంది, ఇంకా బ్రేకు పట్టనే లేదు.

ఇప్పుడు రాత్రి సంగతి చూడండి. ఎదురు బండి వస్తోందని డిమ్ కొట్టారు. డిమ్ లైటులో మీకు స్పష్టంగా కనిపించేది సుమారు 40, 50 మీటర్లు. అంటే 40 మీద పోతుంటే జెండా మనిషి కనిపించాక ఆగగలుగుతారు. 60 మీద ఉంటే ఆయన్ని దాటి ముప్పై మీటర్లు పోయాక ఆగుతారు. డ్రైవర్ ఎంత అనుభవం ఉన్నవాడైనా ఈ లెక్క మారదు. పైగా ఈ లెక్క మంచి తారురోడ్డుకు వేసింది. విడి కంకర మీద, దుమ్ము అణచడానికి ట్యాంకర్‌తో నీళ్లు కొట్టిన మట్టి మీద, ఆగే దూరం ఇంకా పెరుగుతుంది. మాలాంటి వాళ్లం 30, 40 అని రాసేది ఇందుకే.

మరి ఆ స్లో వల్ల మీకు పోయేదెంత? పని రెండు కిలోమీటర్ల మేర ఉందనుకోండి. 80 మీద పోతే నిమిషంన్నర. 40 మీద పోతే మూడు నిమిషాలు. తేడా నిమిషంన్నర. టోల్ గేట్ దగ్గర, చాయ్ దగ్గర ఇంతకన్నా ఎక్కువే పోతుంది.

అయితే 100 మీద వచ్చే కారుకు ఒక్కసారిగా 30 అని బోర్డు చూపిస్తే ఏమవుతుంది? 2018 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద కారు 100 దాకా, లారీ 80 దాకా పోవచ్చు. అలా పోతున్న బండి ముందు హఠాత్తుగా 30 వస్తే ముందువాడు బ్రేక్ కొడతాడు, వెనకవాడు వచ్చి గుద్దుతాడు. అందుకే వేగాన్ని మెట్లు దించినట్టు దించాలి. ముందు 80, తర్వాత 60, తర్వాత 40. పని జరిగే చోటు నిర్వహణకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రత్యేకంగా ఒక పుస్తకమే ఇచ్చింది, ఎస్‌పీ 55 అంటాం. అందులో పని చోటును భాగాలు చేస్తారు. ముందుగా హెచ్చరించే భాగం, వరుసలు సన్నబడే భాగం, అసలు పని జరిగే భాగం, చివరికి బండ్లను మళ్లీ మామూలు రోడ్డు మీదికి వదిలే భాగం. మన దగ్గర మొదటిదీ చివరిదీ బాగా పొట్టిగా ఉంటాయి. చివరిదైతే చాలాచోట్ల అసలే ఉండదు. నిబంధన ముగిసిందని చెప్పే బోర్డు ఒకటి ఉంది, తెల్ల గుండ్రం మీద నల్ల అడ్డగీత. డ్రైవర్ అన్నలు గుర్తుపడతారో లేదో, అంత అరుదుగా పెడతారు దాన్ని. నా దృష్టిలో మొదటి బోర్డు ఎంత ముఖ్యమో అది కూడా అంతే ముఖ్యం. ఎక్కడ అయిపోయిందో చెప్పనివాడు ఎక్కడ మొదలైందో చెప్పినా ఎవరూ నమ్మరు.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 1988లో 112వ సెక్షన్ చదవండి. ఒక రోడ్డు మీదో వంతెన మీదో ప్రజల భద్రత కోసం వేగం తగ్గించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి, లేదా అది అధికారమిచ్చిన సంస్థకు ఉంది. గెజిట్‌లో నోటిఫై చేయాలి, రోడ్డు మీద బోర్డు పెట్టాలి. నెల రోజులకు మించని నిబంధనకు మాత్రం గెజిట్ అక్కర్లేదని అందులోనే మినహాయింపు ఉంది. ఈ నెల అనే మాట గుర్తుపెట్టుకోండి. మన రోడ్డు పనులు నెలలో అయ్యేవి కావు. కాబట్టి కాంట్రాక్టరు తనంతట తాను పెయింటర్‌తో 20 అని రాయించి పాతితే దానికి చట్టం బలం రాదు. ఇంజనీర్లు ముందే పోలీసులతో, అధికారులతో కూర్చుని ఎక్కడ ఎంత వేగం, ఎన్నాళ్లు అనేది కాగితం మీద పెట్టుకోవాలి.

దీన్ని పట్టుకుని, బోర్డు చెల్లకపోతే నా ఇష్టం అనుకునేవాళ్లు ఉంటారు. అది కుదరదు. 184వ సెక్షన్ ఉంది. ఆ చోటు ఎట్లాంటిది, అక్కడ జనం ఎంతమంది అనేది చూడకుండా ప్రమాదకరంగా నడిపితే, బోర్డు ఉన్నా లేకపోయినా నేరమే.

వేగం కేసులో ఇంకో సంగతి. ఒక్క మనిషి వచ్చి వేగంగా పోయినట్టు అనిపించింది అంటే శిక్ష వేయరు. ఆ అంచనా ఏదైనా యంత్రంతో కొలిచినదై ఉండాలి. 183వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. అందుకే స్పీడ్ గన్. కెమెరాలతో చలాన్లు వేసే పద్ధతికి 2021 ఆగస్టులో కేంద్రం రూల్స్ ఇచ్చింది. కెమెరా ఉన్న దారికి ముందే హెచ్చరిక బోర్డు పెట్టాలి, నేరం జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలి అని ఉంది. ఇది నాకు బాగా నచ్చింది. ఇక్కడ కెమెరా ఉందని ముందే చెప్పడమంటే, మాకు కావలసింది నీ డబ్బు కాదు, నీ కాలు యాక్సిలరేటర్ మీంచి రావడం అని చెప్పినట్టే.

పోలీసు అధికారులు ఎవరైనా వింటుంటే నాదొక మనవి. బైపాస్‌లో దిగుడు మీద, ఎవరూ అడ్డం రాని సాఫ్ రోడ్డు మీద చెట్టు నీడన స్పీడ్ గన్ పెడితే చలాన్లు చాలా వస్తాయి. పెట్టండి, తప్పు లేదు. కానీ వారంలో రెండు రోజులు దాన్ని పని జరిగే చోటికి తీసుకురండి. కూలీ ఒంగి డాంబర్ పరిచే చోట, వెనక నుంచి వచ్చే బండిని చూడలేని చోట దాని అవసరం ఎక్కువ.

ఇంగ్లండ్‌లో మోటార్‌వేల మీద పని జరిగే చోట చాలా ఏళ్లుగా గంటకు 50 మైళ్లు, అంటే సుమారు 80 కిలోమీటర్ల పరిమితి పెట్టేవాళ్లు. అక్కడ ఒక్క కెమెరా ఉండదు, వరుసగా కొన్ని ఉంటాయి. మొదటి కెమెరా దగ్గర నంబరు ప్లేటు చదువుతుంది, టైం రాసుకుంటుంది. తర్వాతి దాని దగ్గర మళ్లీ చదువుతుంది. దూరాన్ని టైంతో భాగిస్తే సగటు వేగం. కెమెరా దగ్గర బ్రేక్ కొట్టి, దాటగానే ఎగిరిపోయే ఆట అక్కడ సాగదు. మన లెక్కలోనే చెప్తాను. నాలుగు కిలోమీటర్ల పని, పరిమితి 40. నిజాయితీగా పోతే ఆరు నిమిషాలు పడుతుంది. మూడు నిమిషాల్లో అవతల తేలావంటే 80 మీద వచ్చినట్టు. మధ్యలో ఎవరూ చూడాల్సిన పని లేదు.

వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. 2020లో, సురక్షితం అనుకున్న చోట్ల ఆ పరిమితిని 60 మైళ్లకు పెంచారు. అంతకు ముందు డ్రైవర్ల చేతికి గుండె వేగం కొలిచే గడియారాలు కట్టి, కార్లలో కెమెరాలు పెట్టి చూశారు. కొంచెం ఎక్కువ వేగం అనుమతించిన చోట చాలామంది గుండె వేగం తగ్గింది, అంటే టెన్షన్ తగ్గింది. ఒక కారణం మీకు చెప్పకుండానే అర్థమవుతుంది. 50 మీద పోతున్న కారు వెనక 56 మైళ్ల దాకా పోగల పెద్ద లారీ వచ్చి అంటుకుంటుంది. అద్దంలో మొత్తం లారీ ముఖమే. టిప్పర్ వెనక పడ్డప్పుడు మన స్కూటీ మీద పోయే ఆడపిల్లకు ఎట్లా ఉంటుందో అట్లా. సన్నటి వరుసలు, ఎదురెదురు బండ్లు ఉన్న చోట మాత్రం వాళ్లు తక్కువ వేగమే ఉంచారు. వాళ్ల నంబర్లు మనం తెచ్చుకోలేం. వాళ్ల మోటార్‌వే మీద గేదెలు రావు, ఊరి బస్టాప్ ఉండదు. అవసరం ఎంతో అంతే తగ్గించు, అంతకు మించి తగ్గించి నమ్మకం పోగొట్టుకోకు అన్న ఆలోచన మాత్రం తెచ్చుకోవచ్చు. పని ఆగిపోయిన ఆదివారం నాడు, గుంత లేదు, మనిషి లేడు, రోడ్డు మొత్తం తెరిచి ఉంది అంటే ఆ 30 బోర్డు మీద ఒక గోనెసంచి కప్పండి చాలు. సోమవారం పొద్దున తీయండి. అయిదు నిమిషాల పని.

కాంట్రాక్టర్ల దగ్గర పనిచేసే తమ్ముళ్లకు ఒక మాట. సాయంత్రం అయిదింటికి ఒక తడిగుడ్డ ఇచ్చి ఒక మనిషిని పంపండి. ప్రతి బోర్డు, ప్రతి డ్రమ్ము మీది రేడియం, జెండా మనిషి జాకెట్ తుడిచి రావాలి. తాత సంగతి తర్వాత నేను పనిచేసిన ప్రతి సైట్‌లో ఇది చేయించాను. 2019 సవరణతో చట్టంలో 198ఎ సెక్షన్ వచ్చింది. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణలో ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మనిషి చనిపోయినా, వికలాంగుడైనా, కాంట్రాక్టరు, కన్సల్టెంటు, బాధ్యత ఉన్న సంస్థ లక్ష రూపాయల దాకా జరిమానా కట్టాలి. లక్ష తక్కువే, నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ తప్పు డ్రైవర్ ఒక్కడిదే అనే రోజులు పోయాయి.

ఊళ్లవాళ్ల సంగతి కూడా చెప్పాలి. బండ్లు ఆగడం లేదని రాత్రికి రాత్రే డైవర్షన్ మీద మట్టి పోసి బంపు చేస్తారు. వాళ్ల బాధ నిజం, పిల్లల భయం. కానీ రంగు లేని, బోర్డు లేని ఆ బంపు మీద ముందుగా పడేది ఊరి బైకే. యాసంగి వడ్లు వచ్చినప్పుడు కొత్తగా వేసిన సగం రోడ్డు మీద ఆరబోస్తారు. కల్లం లేని రైతు ఎక్కడ పోసుకుంటాడు, నాకు తెలుసు. వడ్లు ఎత్తాక అంచుకు పెట్టిన రాళ్లు మాత్రం దయచేసి ఎత్తండి. అది కూడా ఒక రకంగా పని చోటే, చీకట్లో బోర్డు లేని పని చోటు.

డ్రైవర్ అన్నలకు చివరగా ఇది. మీరు వేగంగా పోయేది సరదాకు కాదని నాకు తెలుసు. ఇసుక టిప్పర్‌కైనా, బొగ్గు టిప్పర్‌కైనా ట్రిప్పుల లెక్కన పైసలు. ఒక ట్రిప్పు తగ్గితే ఇంట్లో తగ్గుతుంది. ఓనర్ ఫోన్ చేసి ఎక్కడున్నవ్, ఎక్కడున్నవ్ అంటాడు. చట్టంలో 183వ సెక్షన్ నడిపినవాడికే కాదు, తన కింద పనిచేసేవాడితో అలా నడిపించినవాడికి కూడా వర్తిస్తుంది. ఈ మాట మీ ఓనర్లకు చెప్పండి, మీ యూనియన్ నుంచి రాసి ఇవ్వండి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో నూటికి డెబ్బైకి పైగా మరణాలు అతివేగం కిందే లెక్కయ్యాయి. చనిపోయినవాళ్లలో డ్రైవర్లు కూడా ఉన్నారు, వాళ్ల ఓనర్లు లేరు.

జాతీయ రహదారి మీద పని అయిపోయినా తీయని బోర్డు కనిపించినా, బోర్డే లేని గుంత కనిపించినా జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి. ఏ ఊరి దగ్గర, ఏ కిలోమీటరు రాయి దగ్గర అనేది చెప్పండి. బండి ఆపి చేయండి. ఈ ఫోన్లు ఎంత ఎక్కువ వెళితే సైట్ ఇంజనీర్లు బోర్డులు అంత తొందరగా ఎత్తిస్తారు. ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ని కాబట్టి చెప్తున్నాను.

ఇక మీరు అడగండి. వెనక గోడ దగ్గర నిలబడ్డ అన్న ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉన్నాడు. మైకు ఆయనకు ఇవ్వండి. అన్నా, ఏ రూట్‌లో నడుపుతున్నవ్?